రోడ్డుకూ ఎండకూ ఓర్చే ప్యాంటు

హెల్మెట్ లేకపోతే చలానా పడుతుంది. ప్యాంటు సంగతి మాత్రం ఎవరూ అడగరు. రోళ్లు పగిలే ఎండలో విజయవాడ నుంచి హైదరాబాద్‌కు బైకు మీద బయల్దేరే కుర్రాడు తలకు మంచి హెల్మెట్టే పెట్టుకుంటాడు, కాళ్లకు మాత్రం మామూలు జీన్సో పల్చటి ట్రాక్ ప్యాంటో తగిలించుకుంటాడు. ఆ వేడిలో అతన్ని తప్పుపట్టలేం. కానీ బండి జారితే రోడ్డుకు రాసుకుపోయేది మోకాలు, తుంటి, పిరుదు. అక్కడి చర్మాన్ని కాపాడుతూ ఎండలోనూ భరించగలిగే బట్ట ఒక్కరోజులో పుట్టలేదు. దాని వెనక దాదాపు అరవై ఏళ్ల శ్రమ ఉంది.

రోడ్డు మీద ఏ బట్ట ఎంతసేపు నిలుస్తుందో శ్రద్ధగా కొలిచినవాళ్లలో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడరిక్ వుడ్స్ ముఖ్యుడు. ఆయన యంత్రంలో ఒక గరుకు పట్టీ సెకనుకు 8 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 29 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ ఉంటుంది. బట్ట ముక్కను దాని మీద పడేసి, చిల్లు పడేదాకా ఎంతసేపు పట్టిందో చూస్తారు. మామూలు జీన్స్ బట్ట ఒక్క సెకను కూడా ఆగదు. ఆయన పరిశోధన పునాదిగా వచ్చిన యూరప్ ప్రమాణం ఈఎన్ 13595 మోకాలు, తుంటి లాంటి చోట్ల బట్ట కనీసం 4 సెకన్లు నిలవాలంది. పై స్థాయికైతే 7 సెకన్లు. మంచి మందపాటి తోలు ఈ పరీక్షకు తట్టుకుంటుంది. రేసు రైడర్లు తోలు వేసుకునేది అందుకే. అయితే తోలులోంచి గాలి ఆడదు, చెమట ఆరదు. మన వేసవిలో తోలు ప్యాంటు వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడటం జరిగే పని కాదు.

తోలుకు బదులు దొరికింది బైకులతో ఏ సంబంధమూ లేని చోట. అమెరికాలోని విల్మింగ్టన్‌లో ఉన్న డ్యూపాంట్ ప్రయోగశాలలో స్టెఫనీ క్వాలెక్ రసాయన శాస్త్రవేత్త. టైర్లలో ఉక్కు తీగలకు బదులుగా వాడటానికి తేలికైన గట్టి దారం కోసం ఆమె వెతుకుతున్నారు. టైరు తేలికైతే పెట్రోలు కలిసొస్తుందన్నది ఆలోచన. ఇలాంటి పనిలో ముడిపదార్థాన్ని ద్రావకంలో కరిగిస్తే వచ్చే ద్రవం మామూలుగా చిక్కగా, తేటగా ఉంటుంది. 1965లో ఆమెకు వచ్చింది పల్చగా, మజ్జిగలా మసకగా ఉంది. చూసినవాళ్లెవరైనా పారబోసేదే. ఆమె వడగట్టి చూశారు, మసక పోలేదు. దారం తీసే యంత్రం దగ్గర ఉండే చార్లెస్ స్మలెన్ దాన్ని యంత్రంలో పోయడానికి ఒప్పుకోలేదు. అందులో నలుసులుంటే యంత్రంలోని సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయని ఆయన భయం. ఆమె పట్టు వదల్లేదు, చివరికి ఆయన ఒప్పుకున్నారు. దారం తెగకుండా వచ్చింది. బలం కొలవడానికి పంపితే, వచ్చిన అంకెలు నమ్మలేక ఆమె మళ్లీ మళ్లీ పంపారు.

ఆ మసకకు కారణం మురికి కాదు. వంగని అణువులు ద్రవంలోనే ఒకే దిక్కుకు వరుసలు కట్టాయి. దారం తీసినప్పుడు ఆ వరుస చెదరలేదు. బరువుకు బరువు తూచితే ఉక్కుకు ఐదు రెట్ల బలమున్న ఆ దారమే కెవ్లార్. ముందు టైర్లలోకి, తర్వాత బుల్లెట్‌ప్రూఫ్ కోట్లలోకి వెళ్లింది. పేటెంటు హక్కులు ఆమె కంపెనీకే రాసిచ్చారు. 2014లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రైడింగ్ ప్యాంటు కొనే ప్రతి ఒక్కరూ ఈమె పేరు ఒక్కసారైనా వినాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మోటారు సైకిలువాళ్లకు ఈ దారంలో ఇంకో మేలు కనిపించింది. నైలాన్, పాలిస్టర్ రాపిడి వేడికి కరిగి చర్మానికి అంటుకోగలవు. కెవ్లార్ కరగదు. అందుకని పైకి మామూలు జీన్స్‌లా కనిపిస్తూ లోపల మోకాళ్ల దగ్గర, తుంటి దగ్గర కెవ్లార్ అస్తరు వేసిన ప్యాంట్లు వచ్చాయి. రోడ్డు సమస్య చాలావరకు తీరింది, కానీ ఎండ సమస్య మొదలైంది. డెనిమ్ కింద ఇంకో పొర అంటే కాళ్లకు రెండు దుప్పట్లే. పైగా కెవ్లార్‌కు ఎండ పడదు. నేరుగా సూర్యకాంతి తగిలితే బలం తగ్గుతుంది, బ్లీచింగ్ తగిలినా అంతే. ఉతికి నీడన ఆరేసుకోవాలి.

రెండు పొరల్ని ఒక పొర చేసింది మరో దారం. నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం కంపెనీలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా అనే ఇద్దరు పాలిథిలిన్‌ను జెల్ రూపంలోకి తెచ్చి, దాన్ని విపరీతంగా సాగదీసి దారం తీసే పద్ధతి కనిపెట్టారు. డైనీమా పేరుతో అమ్ముడవుతున్న దారం ఇదే. నీళ్లలో తేలేంత తేలిక. ఈ దారాన్ని నూలుతో కలిపి నేస్తే అస్తరు లేకుండానే రాపిడికి ఓర్చే జీన్స్ అవుతుంది. 145 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది కాబట్టి ఇస్త్రీ పెట్టెకు దూరంగా ఉంచాలి.

మరి వల బట్టతో కుట్టే మెష్ ప్యాంట్ల మాటేమిటి? గాలి బాగా ఆడుతుంది. కానీ గాలి దూరే ప్రతి రంధ్రం దగ్గరా దారం తక్కువ. ఆస్ట్రేలియాలో లిజ్ డి రోమ్ బృందం కాన్‌బెరా ప్రాంతంలో ప్రమాదాలకు గురైన 212 మంది రైడర్ల బట్టలు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించింది. రక్షణ బట్టలు గాయాల్ని తగ్గిస్తాయని తేలింది. అయితే బైకు కోసమే తయారుచేసిన ప్యాంట్లలో 28 శాతం ఆ ప్రమాదాల్లో పాడై పనికిరాకుండా పోయాయి. రైడింగ్ ప్యాంటు అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మలేమన్నమాట. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి మోటోక్యాప్ అనే పథకం మొదలుపెట్టాయి. దుకాణంలో కొన్న బట్టల్ని ప్రయోగశాలలో పరీక్షించి, రక్షణకు ఒక నక్షత్రాల లెక్క, చెమట ఆవిరి బయటికి పోయే గుణానికి మరో లెక్క విడివిడిగా ఇస్తారు. ఈ మొత్తం ప్రయత్నంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. ఎండను సాకుగా తోసిపారేయకుండా, దాన్నీ కొలవాల్సిన విషయంగా తీసుకున్నారు.

యూరప్‌లో 2020లో వచ్చిన ఈఎన్ 17092 ప్యాంట్లను తరగతులుగా విడగొట్టింది. మోకాలు, తుంటి చోట్ల బట్టను ట్రిపుల్ ఏ తరగతికి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో, డబుల్ ఏకు 70, ‘ఏ’ తరగతికి 45 కిలోమీటర్ల వేగంతో కాంక్రీటు మీదకు వదిలి చూస్తారు. ప్రమాదం తక్కువున్న భాగాల్లో ‘ఏ’ తరగతికి రాపిడి పరీక్ష లేదు. చాలా మెష్ ప్యాంట్లకు చోటు దొరికింది అక్కడే. ఊళ్లో ఆఫీసుకు తిరిగేవాళ్లకు ‘ఏ’ తరగతి మెష్ సరిపోతుంది. హైవే మీద పోయేవాళ్లు డబుల్ ఏ కంటే తగ్గకూడదన్నది నా అభిప్రాయం.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గాలి వేడి 35 డిగ్రీలు దాటితే అది ఒంటి చర్మం కంటే వేడిగా ఉంటుంది. అప్పుడు చల్లదనం ఇచ్చేది చెమట ఆరడం ఒక్కటే. 43 డిగ్రీల్లో మెష్ వేసుకున్నా నీళ్లు తాగకపోతే లాభం లేదు. లోపల తడిపిన పల్చటి బట్ట వేసుకుంటే చాలా హాయి.

కొనేటప్పుడు అద్దం ముందు నిలబడి నిర్ణయించుకోకండి. ప్యాంటు వేసుకుని బండి మీద కూర్చోండి. మోకాలి ప్యాడ్ చిప్ప మీదే ఉందా, పక్కకు జరిగిందా చేత్తో తడిమి చూడండి. తర్వాత లోపల కుట్టిన లేబుల్ చదవండి. చాలా ప్యాంట్లకు యూరప్ ప్రమాణాల సీఈ గుర్తు ప్యాడ్ల మీద మాత్రమే ఉంటుంది. ప్యాడ్ల ప్రమాణం ఈఎన్ 1621 వేరు, అది బట్ట గురించి ఏమీ చెప్పదు. బట్టకు ఈఎన్ 17092, దాని పక్కన తరగతి అక్షరం ఉండాలి. అది కనిపించకపోతే ధర ఎంత తక్కువైనా ఆ ప్యాంటు పక్కన పెట్టేయండి.