రాణిగారి ఒడిలోంచి మన గుమ్మంలోకి

తెల్లటి బొచ్చు, సన్నటి మూతి, వీపు మీదికి తిరిగిన తోక. ఈ మూడూ ఉన్న కుక్క ఏ వీధిలో కనిపించినా మనవాళ్లు దానికి పెట్టే పేరు ఒక్కటే, పామేరియన్. అసలు మాట పామరేనియన్. బాల్టిక్ సముద్రం ఒడ్డున, ఇప్పుడు కొంత జర్మనీలోనూ ఎక్కువ భాగం పోలండులోనూ ఉన్న పామరేనియా అనే సీమ పేరది. మన ఒంగోలు గిత్తలాగే ఊరి పేరే జాతి పేరయిందన్నమాట.

ఈమధ్య మా ఇంట్లో కుక్కపిల్ల ప్రస్తావన వచ్చింది. "చిన్న జాతిదైతే మనకేం ఇబ్బంది ఉండదులే" అన్నారు మావారు. ఆ "మనకు" అన్న మాటలో ఎవరెవరున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. సరే, చూడ్డానికి వెళితే అమ్మే ఆయన రెండు రకాలు చూపించాడు. ఒకటి దోసిట్లో పట్టేంత ఉంది. "ఇది అసలు సిసలు పామేరియన్ అమ్మా" అన్నాడు. రెండోది పిల్లికంటే కాస్త పెద్దదవుతుందట. "అది నకిలీ" అని చప్పరించేశాడు. ధరల్లో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. కుక్కల్లో కూడా నకిలీలుంటాయా అని ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే, కథ ఎక్కడెక్కడికో వెళ్లింది.

ఇంగ్లండు రాజు మూడో జార్జి భార్య షార్లెట్ రాణి పుట్టిల్లు ఈ పామరేనియా పక్కనే. 1761లో పెళ్లయి అత్తవారింటికి వచ్చింది. మనం పుట్టింటినుంచి ఆవకాయ జాడీ తెచ్చుకున్నట్టు, ఆవిడ 1767లో ఫీబీ, మెర్క్యురీ అనే రెండు కుక్కల్ని తెప్పించుకుంది. ఒళ్లో పెట్టుకునే కుక్కలనుకునేరు! మంచుదేశాల్లో బళ్లు లాగిన, ఇళ్లు కాపలా కాసిన కుక్కల సంతతి అవి. ఆ కాలపు చిత్రకారుడు గెయిన్స్‌బరో 1777 ప్రాంతంలో వేసిన తల్లీపిల్లల బొమ్మ లండన్‌లోని టేట్ చిత్రశాలవారి దగ్గర ఉంది. అందులో తల్లిని చూస్తే, దాన్ని ఎవరైనా ఒళ్లో కూర్చోబెట్టుకోవాలంటే ముందు ఒడి సరిపోదు.

మరి చిన్నదెప్పుడయింది? షార్లెట్ మనవరాలు విక్టోరియా రాణి హయాంలో. ఆవిడ 1888లో ఇటలీలోని ఫ్లారెన్సు వెళ్లినప్పుడు మార్కో అనే చిన్నపాటి కుక్కను తెచ్చుకుంది. దాని బరువు 12 పౌన్లు, అంటే మన లెక్కలో ఐదున్నర కేజీలు. 1891లో దాన్ని ప్రదర్శనకు కూడా పెట్టించింది. ఇంకేముంది, మహారాణి కట్టిన చీర రంగే ఊరంతా కట్టినట్టు, దొరసానులందరికీ చిన్న కుక్కే కావలసివచ్చింది. పెంచేవాళ్లు ఏ ఈతకా ఈత చిన్నవాటినే ఏరుకుంటూ పోయారు. విక్టోరియాకి మాత్రం అది వట్టి ఫ్యాషన్ కాదు. 1901 జనవరి 22న ఆస్‌బోర్న్ భవనంలో ఆవిడ కన్ను మూసేటప్పుడు టూరీ అనే పామరేనియన్ మంచం మీదే ఉంది. తనే అడిగి తెప్పించుకుందట. అంతమంది బంధుబలగం చుట్టూ ఉండగా!

చిన్నదవడం మార్కోతో ఆగలేదు. ఇప్పుడు ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బు మెచ్చే బరువు రెండు, రెండున్నర కేజీలు. ఈ కుదింపు ఊరికే వచ్చింది కాదు. మోకాలి చిప్ప పక్కకు జారడం, బుల్లి దవడలో పళ్లు కిక్కిరిసిపోవడం, మెడపట్టీ లాగితే చాలు గాలిగొట్టం నొక్కుకుని దగ్గు రావడం, ఇవన్నీ ఆ చిన్న ఒంటితోపాటే వచ్చాయి. పాపం, అది అడిగిందా?

ఇక మన "నకిలీ" సంగతి. దాని పేరు ఇండియన్ స్పిట్జ్. తెల్లదొరల కాలంలో వచ్చిన కుక్కల సంతానమే, తరతరాలుగా మన ఎండలకు అలవాటుపడింది. 'హమ్ ఆప్‌కే హైఁ కౌన్' (1994) సినిమాలో అందరి మనసూ దోచిన టఫీ ఈ జాతిదే. ఇందులో చిన్న రకం బరువు ఐదు నుంచి ఏడు కేజీలు. లెక్క చూశారా? రాణిగారి మార్కో తూగింది ఐదున్నర! మార్కోనే ఈ దుకాణానికి వస్తే ఆయన దాన్నీ నకిలీ బుట్టలోనే పడేసేవాడు.

నా ఓటు ఈ నకిలీకే. అయితే అదీ బొమ్మేం కాదు. గుమ్మంలో పాలబ్బాయి అడుగు పడితే చాలు, ముత్తాతల కాపలా గుర్తొచ్చి ఇల్లెగిరిపోయేలా మొరుగుతుంది. రెండు పొరల బొచ్చు, వారానికి రెండు మూడుసార్లు దువ్వాలి. ఎండాకాలమని చర్మం దాకా గొరిగించకండి. ఏటేటా రేబిస్ టీకా తప్పదు. ఉల్లిపాయలు దానికి విషం, కాబట్టి మిగిలిన పులుసన్నం పెట్టేద్దాం అనుకోకండి. పన్నెండు పదిహేనేళ్లు బతుకుతుంది. ఇవాళ "నేను చూసుకుంటానమ్మా" అని ప్రమాణాలు చేస్తున్న తొమ్మిదో తరగతి పిల్ల అప్పటికి ఏ ఊళ్లో ఉంటుందో! దువ్వెన ఎవరి చేతికొస్తుందో ముందే తేల్చుకోండి.

కొనే రోజున ధర అడగకముందే పిల్ల తల్లిని చూపించమనండి. 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లి ఎలా నడుస్తోంది, మనిషిని చూసి బెదురుతోందా, దగ్గరకొస్తోందా, కాసేపు నిలబడి చూడండి. "తల్లి ఇక్కడ లేదమ్మా" అన్నారా, చెప్పులు వేసుకుని వచ్చేయండి.