కరువు నాటి నమ్మిక

దర్శి చుట్టుపక్కల పల్లెల్లో మిరప వేసే కుటుంబం కౌలు, ఎరువు, పురుగుమందు, కోత కూలి లెక్కలన్నీ కట్టి, చివర్లో ఒక మాట అనుకుంటుంది: ప్రభువు చూసుకుంటాడు. ఆటో అద్దం మీద 91వ కీర్తన, వాకిలి గుమ్మం మీద 121వ కీర్తన, కొత్త సంవత్సరం నాడు చర్చిలో తీసుకునే వాగ్దానపు కార్డు, బిడ్డకు జ్వరం తగ్గితే ఇంట్లో పెట్టుకునే కృతజ్ఞత కూడిక... ఇవన్నీ ఆ మాట వెంట నడిచేవే. ఈ మెట్టనేలలో ఆ నమ్మిక ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే దారి ఒంగోలు కొండ మీదికి తీసుకెళ్తుంది.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టింది 1836లో. శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు కొద్దిమందే. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో సమావేశమైన పెద్దలు ఈ మిషన్‌ను ఎత్తేద్దామా అని చర్చించారు. వాళ్ల పటంలో బర్మా వైపు కేంద్రాలు చుక్కల గుంపులా ఉంటే, బంగాళాఖాతానికి ఇవతల నెల్లూరు ఒక్కటే ఒంటరి చుక్క. బాప్టిస్టు పాస్టరు ఎస్.ఎఫ్. స్మిత్ ఆ ఒంటరి నక్షత్రం మీదే కవిత రాశారు. మూసివేత ఆగింది.

మరుసటి ఏడు జనవరి 1న తెల్లవారకముందే ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కారు. మిషనరీ లైమన్ జ్యుయెట్, ఆయన భార్య, వారితో నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు ఈ దేశపు క్రైస్తవులు. అప్పటికి ఒంగోల్లో వాళ్లకు ఇల్లు లేదు, చర్చి లేదు. తమ తరవాత ఇక్కడికి ఒక మనిషిని పంపమని మోకరించి అడిగి దిగివచ్చారు. ఆ మనిషి జాన్ క్లౌ నెల్లూరు చేరింది 1865లో, ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో మొదలైంది.

మిషన్ చరిత్రలన్నీ క్లౌ చుట్టూ తిరుగుతాయి. కానీ ఈ నమ్మిక పల్లెల్లోకి వచ్చింది దొర గుర్రం మీద కాదు, తోళ్ల వ్యాపారి కాలినడకన. ఆయన యర్రగుంట్ల పేరయ్య, తాళ్లకొండపాడు మాదిగ. బైబిలు వినకముందే దేవుణ్ణి వెతికినవారు. బండికట్ల వీరమ్మ అనే యోగిని దగ్గర రాజయోగం నేర్చుకుని, ఊళ్లో నలుగురికి గురువయ్యారు. తోళ్ల బేరానికి ఉత్తరం వైపు వెళ్లినప్పుడు, ఏలూరు ప్రాంతంలో ఉన్న బంధువు ద్వారా క్రీస్తు సంగతి తెలిసింది. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. తరవాత పొదిలి, కనిగిరి మెట్టల్లో తన వృత్తి బంధాల వెంటే, చుట్టరికాల వెంటే ఆ వార్త మోశారు. పుస్తకాలు చదివి కాదు, ఏళ్ల తరబడి ఆకలిగొన్న మనసుతో పేరయ్య నమ్మారు. అందుకే ఆయన మాట జనానికి తాకింది.

నమ్మినవాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి తేలిగ్గా ఉన్నా, మాదిగపల్లె బతుకంతా ఈ మూడూ వద్దన్న వాటి మీదే ఆధారపడి ఉండేది. జాతరలో డప్పు కొట్టడం, ఊరి చచ్చిన గొడ్లను లాగడం, ఏ రోజు పిలిస్తే ఆ రోజు చాకిరీకి పోవడం వాళ్ల వంతు. అది మానేస్తే ఊరి పెద్దలు నీళ్లు ఆపారు, పని ఆపారు, కొట్టారు. దేవుడు కాపాడతాడని అనడం ఆనాడు ఓదార్పు మాట కాదు. ఊరి కట్టుకు ఎదురు నిలబడి చెప్పిన మాట.

1876లో వానలు ముఖం చాటేశాయి. మద్రాసు రాజధాని అంతటా 1878 దాకా సాగిన ఆ కరువులో లక్షలమంది పోయారు. కలరా కూడా తోడైంది. సహాయ పనుల్లో మగమనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం స్థాయికి కుదించినవారు బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్. వెట్టికి అలవాటుపడిన వాళ్లకు సర్కారు పనుల దగ్గర మేస్త్రీల తిట్లు, దెబ్బలు కూడా తప్పలేదు. కుర్రతనంలో అమెరికాలో భూముల సర్వే చేసిన క్లౌ, కోస్తా వెంట తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని తన జనాన్ని అక్కడికి పిలిచారు. ప్రబోధకులే మేస్త్రీలయ్యారు. మధ్యాహ్నం పలుగు పార పక్కన పెట్టి కూర్చున్నప్పుడు వాళ్లు చెప్పింది మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనం, ప్రయాసపడి భారం మోసేవాళ్లను పిలిచే వచనం. తట్టలు మోసి మోసి తలలు పుళ్లుపడిన వాళ్లకు దాన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా గట్టి ఘట్టం ఇక్కడే ఉంది. బాప్తిస్మం అడుగుతూ వేలమంది వచ్చారు. క్లౌ ఇవ్వలేదు. కూలి డబ్బు, సహాయ నిధి తన చేతి మీదుగా పంచుతున్నంత కాలం ఎవరినీ చేర్చుకోనని పదిహేను నెలలు ఆపారు. అన్నం కోసం వచ్చారనే నింద ఆ జనం మీద పడకూడదనే ఆ పట్టుదల. 1878 వేసవి చివర సహాయం ముగిసింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్లకు వెళ్లమని చెప్పారు. వాళ్లు కదల్లేదు. మాకు డబ్బు వద్దు, సంఘంలో చేర్చుకోండి అన్నారు. ఆ ఏడాది జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ముందురోజు, మరుసటి రోజు కలుపుకుంటే మూడు రోజుల్లో 3,536 మంది. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడింది తెలుగు ప్రబోధకులే. క్లౌ ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు.

వాళ్లలో ప్రతి ఇంటిలోనూ కరువు ఎవరో ఒకరిని తీసుకుపోయే ఉంటుంది. దేవుడు కాపాడతాడంటే చావు రాదని అర్థం చేసుకున్నవాళ్లయితే ఆ నది దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. బిడ్డల్ని పూడ్చిపెట్టి వచ్చి, కనికరం గలవాడు ఉన్నాడని ఒప్పుకున్నారు. దీన్ని అమాయకత్వమనేవాళ్లు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. తమను మనుషులుగా పేరుపెట్టి పిలిచిన తొలి చోటును వదులుకోకపోవడం అమాయకత్వం ఎలా అవుతుంది?

దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలో, వెంకటగిరి జమీందారీ కింద ఉండేది. పొదిలి, కనిగిరి, దొనకొండ, కంభం, వినుకొండల్లో మిషన్ కేంద్రాలు వెలిశాక ఈ మెట్టల్లో పల్లెపల్లెకూ గుడిసె చర్చి, దాని అరుగు మీదే బడి వచ్చాయి. అక్షరం వచ్చినవాడు టీచరయ్యాడు, కాంపౌండరయ్యాడు, నర్సయ్యింది అతని చెల్లెలు. కాపుదల అంటే ఏమిటో వాళ్లకు అర్థమైంది ఆ రూపంలోనే.

ఆ నమ్మికకు వెల మాత్రం తగ్గలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులాల జాబితాకు బయటే ఉంచింది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లకు దక్కింది బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్. 1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు హతమైనప్పుడు, ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయిన కుటుంబాలు చీరాలలో ఒక చర్చి ఆవరణలో తలదాచుకున్నాయి. కీర్తనల్లో పాడుకున్న ఆశ్రయం ఆ రోజుల్లో వాళ్లకు ఆ ఆవరణే.

ఇప్పుడు సాగర్ కుడికాలువ నీళ్లు దర్శి దాకా వస్తాయి. వచ్చిన ఏడు వరి, రాని ఏడు కంది; మిరప, పత్తి ఎప్పుడూ జూదమే. పంట ఇంటికొచ్చాక చర్చిలో కోతపండుగ పెడతారు. బస్తా వడ్లు, తట్టెడు మిరపకాయలు, గుమ్మడికాయ, కోడిపుంజు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట. కోడిని దాని ధరకు ఎన్నో రెట్లు పెట్టి పాడేవాళ్లుంటారు. వచ్చిన డబ్బు పాస్టరు జీతానికి, కారుతున్న చర్చి కప్పుకు, ఆ ఏడాది పంట పోయినవాళ్ల ఇంటికి పంచుతారు.