సారా కొట్టు ఎవరిది?

"వీళ్లకి తాగుడు పుట్టుకతోనే వచ్చింది" అన్న మాట మన తండాల్లో, ఎరుకల, యానాది కాలనీల్లో వినని వాళ్లం లేము. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాం.

మన పెద్దవాళ్లు పెళ్లికీ, పండక్కీ ఇప్పపువ్వు సారా ఇంట్లోనే కాచుకునేవాళ్లు. అప్పట్లో మన గుంటూరు, ప్రకాశం ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ. 1886 మద్రాసు అబ్కారీ చట్టంతో లైసెన్సు లేకుండా సారా కాయడం, కల్లు గీయడం నేరమైంది. కొట్లకి సర్కారు వేలం పాట పెట్టేది. పాట పాడినాయన కాంట్రాక్టరు, ఇంట్లో కాచుకున్న మనం ముద్దాయిలం!

స్వాతంత్ర్యం వచ్చాక కూడా, మద్యనిషేధం ఉన్న కొన్నేళ్లు తప్ప, పాటలు ఆగలేదు. పగలంతా మిరపకాయలు కోసిన కూలి డబ్బులు పొద్దుగూకేసరికి సారా కొట్టుకే పోయేవి.

1992లో పక్క జిల్లా నెల్లూరులో, దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. రోశమ్మ ముందు నడిచింది. అక్షరదీపం రాత్రి బడుల్లో ఓనమాలు దిద్దిన ఆడవాళ్లు ఊరూరా కొట్లు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. బ్రాందీ షాపులు మళ్లీ తెరుచుకున్నాయి.

రాత్రి బడి చదువుతోనే వాళ్లు అంత చేశారు. మనం కాలేజీ దాకా వచ్చాం. ఈసారి సెలవులకి ఇంటికెళ్తే నానమ్మని అడగండి: మన ఊరి కొట్టు ఎక్కడుండేది? పాట ఎవరు పాడారు? కేసులు ఎవరి మీద పడ్డాయి? చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. మన చరిత్ర మనమే రాసుకోవాలి.