ముందు బండి, వెనుక బండి

ఇటీవల నొక గ్రామీణ కార్యక్రమమును ధ్వనిముద్రణము చేయుటకై మేము హైదరాబాదు నుండి సూర్యాపేట వైపు కారులో పోవుచుంటిమి. నాలుగు వరుసల విశాలమైన రోడ్డు. ఎండ తీవ్రముగా నున్నది. కుడి వరుసలో, నడిమి దిమ్మెను ఆనుకొని, వరిగడ్డి నింపిన లారీ యొకటి గంటకు ముప్పది కిలోమీటర్లకు మించని వేగముతో సాగుచున్నది. మా డ్రైవరు హారను మ్రోగించెను. లారీ కదలదు. మా వెనుక మరి నాలుగు కార్లు చేరినవి. అన్నియు నొక్కసారిగా మ్రోగసాగినవి. వానిలో నొకటి యోపిక పట్టలేక ఎడమవైపు నుండి దూసికొని పోయి, అదే వరుసలో నెదురుగా వచ్చుచున్న మోటారు సైకిలును వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. “ఈయన బండి తోలుతున్నాడా, నిద్రపోతున్నాడా సార్!” అని మా డ్రైవరు విసుగుకొనెను. మేమును ఆయన పక్షమే వహించితిమని యొప్పుకొనక తప్పదు.

కొంతదూరము పోయిన పిమ్మట లారీ మెల్లగా ఎడమకు జరిగినది. దాని కిటికీ నుండి ఒక కుడిచేయి బయటికి వచ్చి, వెనుక నుండి ముందునకు రెండు మూడు సారులు ఊగినది. “చూశారా, పైగా తిడుతున్నాడు” అనుచు మా డ్రైవరు మరొకమారు హారను గట్టిగా నొక్కి ముందునకు సాగెను.

ఆ పది నిమిషములలో మాకు కలిగిన కోపము క్రొత్తది కాదు. దానికి కనీసము మూడు వందల సంవత్సరముల చరిత్ర కలదు. దారిని పంచుకొనవలసిన ఇద్దరిలో ఒకడు వేగముగా పోగోరును, రెండవవాడు పోలేడు, లేదా పోనొల్లడు. ఈ తగవును తీర్చుటకు ఇంగ్లండు దేశము చేసిన ప్రయత్నములు కొన్ని వింతగా నుండును. కొన్ని నేటికిని మన దారులను నడుపుచున్నవి.

18వ శతాబ్ది ఆరంభమున లండను నగరమున థేమ్సు నదిపై ఒక్కటే వంతెన యుండెను. దానిపై ఇరుప్రక్కల ఇండ్లు, అంగళ్లు. నడుమ మిగిలిన ఇరుకు దారిలో సరకుల బండ్లు, కోచి బండ్లు ఎదురెదురుగా చిక్కుకొని గంటల కొలది నిలిచిపోవుచుండెను. నీవు వెనుకకు పొమ్మని వీడు, నీవే పొమ్మని వాడు. తుదకు 1722లో నగరపాలకులు వంతెనపై మనుష్యులను నియమించి, నగరములోనికి వచ్చు బండ్లు ఒకవైపునను, పోవు బండ్లు రెండవవైపునను, అనగా ఎవరి యెడమవైపున వారు, సాగవలెనని ఆజ్ఞాపించిరి. 1835 నాటి రహదారుల చట్టము ఆ యాచారమును దేశమంతటికిని నియమముగా చేసినది. మన మెడమవైపున నడచుటకు మూలమందున్న కారణములలో నొకటి యిట్టి సామాన్యమైన ఇరుకాటమే.

అప్పటికే వేరొక చిక్కు తలయెత్తుచుండెను. 1831లో గోల్డ్‌స్వర్తీ గర్నీ నిర్మించిన ఆవిరి బండ్లు గ్లాస్టరు, చెల్టెన్‌హాం పట్టణముల నడుమ ప్రయాణికులను చేరవేయసాగినవి. గుఱ్ఱపు బండ్ల కంటె ఇవి వేగము. రోడ్డు సుంకములు వసూలు చేయువారు, గుఱ్ఱపు బండ్ల యజమానులు దీనిని సహింపలేకపోయిరి. దారిలో నొకచోట దట్టముగా రాళ్లు పోసి యుంచగా బండి యిరుసు విరిగెను. ఆవిరి బండ్లపై సుంకములు మితిమీరి పెరిగెను. ఆ సంవత్సరముననే పార్లమెంటు నియమించిన సంఘము విచారణ జరిపి, ఈ బండ్లు ప్రమాదకరములు కావని చెప్పినది గాని, నెమ్మదిగా పోవువారి పలుకుబడియే నెగ్గినది. నాలుగు నెలలలో ఆ సర్వీసు మూతపడెను.

ఆ పలుకుబడి పరాకాష్ఠ నందుకొన్నది 1865లో. ఆ యేటి చట్టము ప్రకారము రోడ్డుపై తిరుగు యంత్రపు బండి ఊరి బయట గంటకు 4 మైళ్లకును, ఊరిలో 2 మైళ్లకును మించి పోరాదు. దానిని నడుపుటకు ముగ్గురు మనుష్యు లుండవలెను. వారిలో నొకడు బండికి 60 గజముల ముందు ఎర్రజెండా పట్టుకొని నడువవలెను. రెండు మైళ్ల వేగమనగా, బజారులో కూరగాయలు బేరమాడుచు నడచువాని వేగము! ఈ చట్టమును తలచుకొని నవ్వనివారు లేరు. అయినను నాటి యావిరి యంత్రములు టన్నుల కొలది బరువుతో, ఇనుప చక్రములతో, పొగతో, నిప్పురవ్వలతో రాగా గుఱ్ఱములు బెదరి పరుగెత్తుట, మనుష్యులు పడి చచ్చుట నిజము. జెండావాని విధులను చట్టము వివరముగా చెప్పినది. గుఱ్ఱములపై వచ్చువారిని అతడు హెచ్చరింపవలెను; అవసరమైనచో యంత్రమును ఆపించవలెను; గుఱ్ఱములు యంత్రమును దాటిపోవుటకు స్వయముగా తోడ్పడవలెను. ఎదుటివానికి ‘నేను వచ్చుచున్నాను, నీవు భయపడకుము’ అని చెప్పుటకొక మనుష్యుడు! నాటి యంత్రమునకు నోరు లేదు; ఆ జెండావాడే దాని నోరు. మాకు ఈ చట్టమునందు నవ్వు పుట్టించునది వేగపరిమితి. గౌరవము పుట్టించునది ఈ యొక్క నిబంధన.

1878లో జెండా యనివార్యము కాదని సవరించి, మనిషి నడువవలసిన దూరమును 20 గజములకు తగ్గించిరి. తరువాత పెట్రోలు కార్లు వచ్చినవి. చట్టము మాత్రము ఆవిరి యంత్రముల నాటిదే. 1896 జనవరి 28వ తేదీన కెంటు జిల్లాలోని పాడక్ వుడ్ గ్రామములో వాల్టరు ఆర్నల్డు అను కార్ల వర్తకుడు గంటకు 8 మైళ్ల వేగముతో పోవుచుండగా, పోలీసు జవాను సైకిలుపై తరిమి పట్టుకొనెను. అతివేగమునకు విధించిన జరిమానా ఒక షిల్లింగు. ఆ యేడాది ఆగస్టు 17న లండను క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో ప్రదర్శనకై నడుపుచున్న కారు క్రింద పడి ఒక స్త్రీ మరణించెను. బ్రిటనులో కారు ఢీకొని మరణించిన మొదటి పాదచారిగా ఆమెను చెప్పుదురు. తాను 4 మైళ్ల వేగముననే పోవుచుంటినని డ్రైవరు వాంగ్మూల మిచ్చెను. మంచి గుఱ్ఱము దౌడు తీసినంత వేగముగా వచ్చెనని చూచిన వారిలో నొకరు చెప్పిరి. లోపల కూర్చున్నవానికిని, దారిలో నిలుచున్నవానికిని వేగ మొకటిగా కనిపింపదు. నేటి న్యాయస్థానములలోను ఈ మాటలే వినబడును.

ఆ సంవత్సరము నవంబరు 14న క్రొత్త చట్టము అమలులోనికి వచ్చి తేలిక కార్లకు ముందు నడచు మనిషిని తొలగించెను. ఆనాడు లండను నుండి బ్రైటనునకు కార్లు ఊరేగింపుగా బయలుదేరుటకు ముందు, విందులో నొక ప్రభువు ఎర్రజెండాను చింపివేసెను. చట్టములో జెండా పదునెనిమిదేండ్ల క్రిందటనే పోయినదని ఆయనకు చెప్పినవారు లేరు కాబోలు!

ఇక తరాజు రెండవవైపునకు మొగ్గెను. 1903లో పరిమితి 20 మైళ్లు. కార్లకు నంబరు పలకలు, నడుపువారికి లైసెన్సులు వచ్చినవి. కాని పరీక్ష లేదు; 5 షిల్లింగులు చెల్లించిన చాలును. పోలీసులు పొదల చాటున గడియారములతో కూర్చుండి వేగమును కొలువసాగిరి. వారి యునికిని కారువారికి తెలుపుటకై 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ పుట్టెను. దాని సిబ్బంది సైకిళ్లపై తిరుగుచు సైగలతో హెచ్చరించుచుండగా, అది నేరమని న్యాయస్థానము తీర్పు చెప్పెను. అంతట వారొక యుక్తి పన్నిరి. సభ్యుని కారు కనబడినపుడు సలాము చేయుదురు. ముందు పోలీసులున్నచో సలాము మానుదురు. సలాము చేయలేదని యెవరిని శిక్షింపగలరు? రోడ్డుపై మౌనము కూడ నొక భాష యగు నని మేము దీనివలన గ్రహించితిమి.

1930లో కార్లకు వేగపరిమితిని పూర్తిగా ఎత్తివేసిరి. మరుసటి సంవత్సరము, నడుపరులకు మర్యాదలు నేర్పుటకై, ఒక పెన్నీ వెలకు ‘హైవే కోడ్’ అను చిన్న పుస్తకమును ప్రకటించిరి. చేతి సైగలతో పాటు, గుఱ్ఱపు బండివాడు కొరడాను త్రిప్పి చేయవలసిన సైగలు కూడ అందులో నున్నవి. మర్యాద మాత్రమే చాలలేదు. 1934లో బ్రిటను రోడ్లపై 7,343 మంది మరణించిరి. 1935లో జనావాసములలో 30 మైళ్ల పరిమితి మరల వచ్చెను. క్రొత్తగా నడుపనేర్చిన వారికి జూన్ 1 నుండి పరీక్ష తప్పనిసరి యాయెను. కారు పుట్టిన దాదాపు ఏబదేండ్లకు గాని, దానిని నడుపువానికి నడుప వచ్చునో రాదో చూడవలెనని తోచలేదు!

ఇంగ్లండు కథ నింతగా చెప్పుట యెందులకనగా, మన రోడ్డు చట్టములు ఆ తల్లివేరు నుండి పుట్టినవే. 1914లో ఒకటి, 1939లో మరియొకటి వచ్చినవి. ఇప్పటిది 1988 నాటిది. 1932లో నైజాము ప్రభుత్వము 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినప్పుడు, ఆ బస్సుల కెదురైనవి కార్లు కావు, ఎద్దుబండ్లు. ఆనాటి మన రోడ్లు తలచుకొనుడు. నడుమ ఒక బండి పట్టునంత గట్టి దారి, ఇరువైపుల మట్టి. వానకాలములో మట్టిలోనికి దిగిన బండి మరల పైకి రాదు. ఎద్దుల కాలికి గట్టినేల దొరికినచోట అవి నడిమిని విడువవు. రాత్రివేళ బండివాడు నిద్రించుచుండగా, బండి క్రింద లాంతరు ఊగుచుండగా, ఎద్దులు తామెరిగిన దారిని పోవుచుండెను. వెనుక బస్సువాడు హారను మ్రోగించి, కేకలు వేసి, దిగివచ్చి బండివానిని తట్టి లేపవలెను. మట్టిలోనికి దిగవలసినది ఎవరు? బరువున్నవాడా, తొందరయున్నవాడా? ఈ ప్రశ్నకు చట్టములో స్పష్టమైన జవాబు లేదు. బలమైన హారను గలవాడే నెగ్గెను. హారను మ్రోగించి దారి యడుగు డని మన లారీల వెనుక రంగులతో వ్రాయు నలవాటు అద్దములు, వరుసలు లేని కాలపుదని కొందరందురు. అది యనవసరముగా హారను మ్రోగించుటకు ప్రోత్సాహమగుచున్నదని మహారాష్ట్ర ప్రభుత్వము 2015లో ఆ వ్రాతను నిషేధించినది.

1939 నాటి చట్టపు అనుబంధములలో రెండు నిబంధనలు మమ్ము మిక్కిలి ఆకర్షించినవి. వెనుకనుండి వేరొక బండి దాటిపోవుచున్నపుడు ముందువాడు తన వేగమును పెంచరాదు. దానిని అడ్డగించు పని యేదియు చేయరాదు. అంతవరకు నత్తవలె నడచినవానికి, తనను దాటబోవువానిని చూడగనే పౌరుషము పుట్టునని ఈ శాసనకర్తలకు చక్కగా తెలియును! రెండవది చేతి సైగ. వెనుకనున్నవానిని దాటిపొమ్మని చెప్పదలచిన డ్రైవరు కుడిచేతిని బయటికి చాచి వెనుకకు ముందుకు ఊపవలెను. ఈ రెండు నిబంధనలును 1989లో చేసిన నియమములలోను నిలిచినవి.

నేడు మన రోడ్లు మారినవి. 158 కిలోమీటర్ల హైదరాబాదు బాహ్యవలయ రహదారిపై 2023లో గరిష్ఠ వేగమును 120 కిలోమీటర్లకు పెంచిరి. 40కి తక్కువగా పోవు వాహనమునకు అచట ప్రవేశమే లేదు. 1865లో మించరాదని గీసిన గీత, నేడు తగ్గరాదని గీయబడినది. కాని అట్టి రోడ్డు కంచె లోపల నున్నది. బయటి రోడ్డుపై ట్రాక్టరు, ఆటో, మేకలమంద, బడిపిల్ల, వంద కిలోమీటర్ల కారు అన్నియు నొక్క తారుమీదనే. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో అతివేగమునకు బలియైనవారే యెక్కువ. మందగతిని తిట్టుకొను మావంటివారు ఈ సంగతి మరువరాదు.

సూర్యాపేట దాపున మేము టీ త్రాగుటకై ఆగితిమి. పావుగంటకు ఆ గడ్డి లారీయు వచ్చి ఆగినది. దిగినవాడు అరువది దాటిన ముసలివాడు. కుడి వరుసను పట్టుకొని యేల పోవుచుంటి వని మేమే యడిగితిమి. ఎడమవైపున ఎదురువచ్చు మోటారు సైకిళ్లు, ఆగియున్న ఆటోలు, ప్రక్కకు పొడుచుకొని వచ్చిన గడ్డి వలన అద్దములో వెనుక కనబడకుండుట, ఇవన్నియు చెప్పి, ఎవరికేమైనను పట్టుకొనునది లారీవానినే గదా యనెను. మాకు బదులు తోచలేదు. ఆయన మా డ్రైవరు వైపు తిరిగి, టీ గ్లాసు చేతిలో పట్టుకొని, నొచ్చుకొన్నట్లు అడిగెను.

“చెయ్యి ఊపిన గద బిడ్డా, పొమ్మని. మళ్ల ఎందుకు హారన్ కొట్టినవ్?”