గూడు బండి లాగే కారు ఎక్కడికి పోయింది?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది తీరిగ్గా చదువుకోవడానికి వీలుగా ఇక్కడ రాసి పెడుతున్నా.

గల్ఫ్‌లో ఉన్నన్నాళ్ళూ బస గురించి నేను ఆలోచించలేదు. క్యాంపు కంపెనీదే, బస్సు కంపెనీదే. అమెరికాలో సైటు పని అట్లా కాదు. ఒక ఊళ్ళో ఆరు నెలలు, ఇంకో ఊళ్ళో ఎనిమిది నెలలు, బస మనమే చూసుకోవాలి. అందుకే ఇక్కడ చాలామంది పనివాళ్ళు ట్రావెల్ ట్రైలర్ కొనుక్కుంటారు. మంచం, పొయ్యి, బాత్‌రూమ్ ఉన్న చిన్న ఇల్లు అది, బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళొచ్చు. కానీ పెళ్ళాం పిల్లలు ఉండేది సిటీ అపార్ట్‌మెంట్లో. ట్రైలర్ లాగేదీ, పిల్లల్ని బడికి దింపేదీ ఒకటే బండి కావాలి. రెండు బండ్లకి ఇన్సూరెన్స్ కట్టడం మనలాంటి వాళ్ళకి భారమే.

ఒకప్పుడు ఇది సమస్యే కాదు. ఎందుకు సమస్య అయిందో తెలిస్తే, ఇవాళ ఏం కొనాలో కూడా తెలుస్తది.

1930 ప్రాంతంలో డెట్రాయిట్‌లో ఆర్థర్ షెర్మన్ అనే ఆయన ట్రైలర్లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. తన కంపెనీకి 'కవర్డ్ వ్యాగన్' అని పేరు పెట్టాడు. మన మాటలో చెప్పాలంటే గూడు బండి. 1931లో కాలిఫోర్నియాలో వాలీ బయామ్ ఎయిర్‌స్ట్రీమ్ పెట్టాడు. వీటిని లాగింది మామూలు ఇంటి కార్లే. అప్పటి కార్లలో చాలావాటికి కింద ట్రక్కుకి ఉన్నట్టే విడిగా ఇనుప ఫ్రేమ్ ఉండేది.

విహారం కోసం పుట్టిన ఈ బండి పనివాళ్ళకి ఇల్లయింది. రెండో ప్రపంచయుద్ధంలో వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో అణుబాంబుకి ప్లుటోనియం తయారుచేసే ప్లాంటు కట్టారు. ఎక్కడెక్కడి నుంచో కూలీలు, ఫిట్టర్లు వచ్చారు. బ్యారక్‌లతో పాటు పెద్ద ట్రైలర్ క్యాంపు లేచింది. కుటుంబంతో వచ్చినవాళ్ళు అందులో ఉన్నారు.

1950లు, 60ల్లో స్టేషన్ వ్యాగన్ల కాలం నడిచింది. పొడవాటి కారు, పెద్ద ఇంజన్, కింద బలమైన ఫ్రేమ్. సోమవారం బడికి, శనివారం ట్రైలర్‌తో ఊరికి.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. ఆ దెబ్బకి గల్ఫ్‌లో డబ్బు పెరిగింది, కట్టడాలు పెరిగాయి, మన ఊళ్ళ నుంచి జనం విమానాలెక్కారు. అదే దెబ్బ ఇక్కడ కారు రూపం మార్చేసింది. 1975లో అమెరికా ప్రభుత్వం మైలేజీ చట్టం తెచ్చింది. దాని ప్రకారం ఒక కంపెనీ అమ్మే కార్ల సగటు 1978 మోడళ్ళకి గ్యాలన్‌కి 18 మైళ్ళు, 1985కి 27.5 మైళ్ళు ఉండాలి. కంపెనీలు కార్లని చిన్నవి చేశాయి, తేలిక చేశాయి. లాగే శక్తి పోయింది.

లైట్ ట్రక్కులకి మాత్రం వేరే లెక్క, మెత్తటి లెక్క. 1996 నుంచి 2004 దాకా వాటికి 20.7 మైళ్ళు చాలు. ఎస్‌యూవీలు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి. దాంతో బరువు లాగే పనంతా కారు నుంచి ట్రక్కుకి మారింది.

ఈ మార్పు ఒకే చోట చూడాలంటే టెక్సాస్‌లో ఆర్లింగ్టన్ రావాలి. డాలస్ పక్కనే, మన తెలుగువాళ్ళు చాలామంది ఉండే ప్రాంతం. అక్కడి జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో 1996 దాకా బ్యూక్ రోడ్‌మాస్టర్ వ్యాగన్ తయారయ్యేది. టోయింగ్ ప్యాకేజీతో 5,000 పౌండ్లు లాగేది. 1996లో దాన్ని ఆపేసి, అదే ఫ్యాక్టరీని పెద్ద ఎస్‌యూవీలకి మార్చారు. ఇప్పుడు సబర్బన్ వచ్చేది అక్కడి నుంచే.

ఇప్పుడు కొనే సంగతికి వద్దాం. పెద్ద పికప్ పొడవు 19 అడుగులు దాటుతది. పార్కింగ్ గడి చాలాచోట్ల 18 అడుగులే. నేను టేపు పెట్టి కొలిచాను.

రెండోది, ప్రకటనలో ఉండే లాగే బరువు. చాలాకాలం ఏ కంపెనీ పరీక్ష దానిదే. 2008లో ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ ఉమ్మడి ప్రమాణం పెట్టింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ళ ఎత్తు రోడ్డు ఉంది. ఎండాకాలపు వేడిలో, ఏసీ ఫుల్లుగా పెట్టి, బరువుతో ఆ ఎత్తు ఎక్కడం అందులో ఒక పరీక్ష. 2011 మోడల్ టండ్రాతో టొయోటా మొదట ఒప్పుకుంది, మిగతావాళ్ళు మెల్లగా వచ్చారు.

అంకె నిజమైనా అది క్రేన్ మీద రాసిన 50 టన్నుల లాంటిదే. బూమ్ చాపితే ఎంత ఎత్తుతుందో లోడ్ చార్ట్ చూస్తేనే తెలుస్తది. బండికి లోడ్ చార్ట్ డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటొద్దని రాసి ఉంటది. ట్రైలర్ ముక్కు బండి మీద మోపే బరువు కూడా ఆ సామాను లెక్కలోకే వస్తది.

ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బరువు వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తది, ముందు ఎక్కువైతే ఎడ్ల మెడ మీద పడ్తది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద ఉండాలి. తక్కువైతే హైవే మీద ట్రైలర్ ఊగుతది. 6,000 పౌండ్ల ట్రైలర్‌కి 12.5 శాతం అంటే 750. నలుగురు మనుషులు 600, తగిలించే హిచ్ 100. మొత్తం 1,450. స్టిక్కరు మీద 1,400 ఉంటే, ప్రకటనలో 9,000 లాగుతుందని రాసినా ఆ బండి మీకు సరిపోదు.

కాబట్టి ముందు ట్రైలర్ తేల్చుకోండి, బండి తర్వాత. నీళ్ళు, గ్యాస్, పనిముట్లు నింపాక 4,000 పౌండ్లు దాటని ట్రైలర్ అయితే, 5,000 లాగే మధ్యరకం ఎస్‌యూవీ చూడొచ్చు. స్టిక్కరు లెక్క మాత్రం దానికీ చేయాలి. టొయోటా హైల్యాండర్ పెట్రోల్ మోడల్ అట్లాంటిదే. హైబ్రిడ్ 3,500 మాత్రమే లాగుతది, అది గుర్తుంచుకోండి. పొడవు 16 అడుగుల చిల్లర, పార్కింగ్ గడిలో పడ్తది. ఆర్లింగ్టన్‌లో ఆగిపోయిన రోడ్‌మాస్టర్ లాగింది కూడా ఆ 5,000 పౌండ్లే. నా ఇంటికి నేను చూస్తున్నది ఈ సైజు బండే. మీరు చూసే బండి ఏదైనా, షోరూమ్‌లో ధర అడిగే ముందు తలుపు తెరిచి ఆ స్టిక్కరు ఫోటో తీసుకోండి. ఇంటికొచ్చి కూడిక చేసుకోండి.