ఖరాద్ తారీఖ్

లేత్ మెషీన్‌ను మన బుజుర్గులు ఖరాద్ అంటారు. ఈ లఫ్జ్‌కు మూలం అరబీ ‘ఖర్రాత్’. 1800 ప్రాంతంలో లండన్ కారీగర్ హెన్రీ మాడ్‌స్లే లీడ్ స్క్రూ, స్లైడ్ రెస్ట్, గేర్లను ఒకే ఖరాద్‌లో జోడించాడు. దాంతో ఒకేలాంటి మరలు ఎన్నయినా కోయడం ముమ్కిన్ అయింది. మన ముల్క్‌లో హిందుస్తాన్ మెషీన్ టూల్స్ 1953లో బెంగళూరులో పుట్టింది. స్విస్ కంపెనీ ఓర్లికాన్ సహకారంతో చేసిన దాని తొలి మెషీన్ హెచ్‌-22 ఖరాదే.

అలాంటిదొకటి తూకానికి పోబోతుంటే కబాడీలో కొన్నాను. పని ఎక్కువగా చక్ దగ్గరే జరుగుతుంది కనుక బెడ్ అక్కడే అరిగింది. ఉస్తాద్ ముందు రంగు డబ్బా పక్కన పెట్టించారు. సరిచూసే పట్టీకి నీలం పూసి బెడ్ మీద ఆనించి, నీలం అంటిన మిట్టలను స్క్రేపర్‌తో గీకారు. వారాలు పట్టింది. ఆ హునర్ తెలిసినవి మా మొహల్లాలో ఆయన రెండు చేతులే. ఖరాద్ బతికింది సరే, ఆయన దగ్గర మన పిల్లల్ని షాగిర్దులుగా చేర్చేదెప్పుడు?