రాణిగారి చెరువు, రాజుగారి పురిటిపన్ను

మా అమ్మాయిని పురిటికి తీసుకొచ్చి నెలైంది. మొన్న ఆదివారం తనను అత్తయ్యకు అప్పజెప్పి, మావారూ నేనూ అబ్బాయీ కొండవీడు చూసొచ్చాం. పొన్నూరు నుంచి గుంటూరు మీదుగా పొద్దున్నే బయల్దేరాం. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి నా మోకాళ్ళు కూడా ఒప్పుకున్నాయి.

బురుజులూ, కూలిన గోడలూ చూస్తూ అబ్బాయి ఫొటోలు తీసుకుంటుంటే, నేను మాత్రం చెరువుల దగ్గర ఆగిపోయాను. అంత ఎత్తున ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు! గోడలు శత్రువును ఆపుతాయేమో గానీ, దాహాన్ని ఆపలేవు కదా. బిందె మోసిన వాళ్ళకే తెలుస్తుంది ఆ విలువ.

అద్దంకిలో ఉన్న రెడ్ల రాజధానిని అనవోతారెడ్డి ఈ కొండకు మార్చాడు. కుమారగిరి వసంతోత్సవాలు, 1515లో శ్రీకృష్ణదేవరాయలు కోటను పట్టుకోవడం మనం చదువుకున్నవే. నాకు నచ్చింది మాత్రం పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబిక. ఆమె సంతానసాగరం అనే చెరువు తవ్వించింది. ఆ సంగతి చెప్పే 1409 నాటి ఫిరంగిపురం శాసనం రాసింది శ్రీనాథుడు. పెదకోమటి వేముడి కొడుకు రాచవేముడు ఆ చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ తవ్వించాడు.

అదే రాచవేముడు గద్దెనెక్కాక పురిటిపన్ను వేశాడని జనం చెప్పుకుంటారు. ఇంట్లో బిడ్డ పుడితే రాజుకు డబ్బు కట్టాలి. ఓర్చుకోలేక సవరం ఎల్లయ్య అనే అతను రాజును పొడిచి చంపాడట. ఇది శాసనం చెప్పిన మాట కాదు, ఊళ్ళు దాచుకున్న మాట. 1424తో కొండవీటి రెడ్ల ఏలుబడి ముగిసింది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే అత్తయ్య చేతిలో చేట పక్కన పెట్టేసింది. "లోపల ఆడది చావుబతుకుల్లో ఉంటే గుమ్మంలో నిలబడి డబ్బులడిగేవాడు రాజెట్టా అవుతాడే?" అంది.

"ఇప్పుడు మాత్రం తక్కువ కడుతున్నామా నాయనమ్మా?" అని మా అమ్మాయి ఆసుపత్రి ఫైలు చూపించి నవ్వింది. నవ్వాం గానీ, నాకు రాత్రి నిద్రపట్టలేదు.

కాలువ తవ్వించిన చెయ్యే పన్నూ వేసిందంటే, ఒకే మనిషిలో రెండూ ఉన్నట్టే. కోటను కాపాడుకుంటున్నారు, సంతోషం. మీ పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు బురుజులతో పాటు సూరాంబిక చెరువు గురించీ, పురిటిపన్ను గురించీ చెప్పండి. అబ్బాయిలకు మరీ చెప్పండి.